మా ఇంటి 'కడరా భోజనం' పటం

లియొనార్డో డా విన్సీ 1495–98 మధ్య మిలాన్‌లోని ఒక మఠం భోజనశాల గోడపై గీసిన 'కడరా భోజనం' (క్రీస్తు తన శిష్యులతో చేసిన చివరి విందు) చిత్రపు ప్రతిని, నల్లగొండలోని ఒక ఫ్రేముల దుకాణంలో మూడడుగుల వెడల్పున, మా అమ్మ ప్రార్థన గది కోసం చేయించుకున్నాను. టేకు చట్రం పని నాణ్యంగా ఉంది.

పునరుజ్జీవన కాలపు (ఐరోపాలో పదిహేను, పదహారో శతాబ్దాల నాటి) శైలిని పోల్చుకోవాలంటే ముందుగా రేఖలను చూడాలి. పైకప్పు దూలాలూ, పక్కగోడలకు వేలాడే తెరల అంచులూ లోపలికి సాగి క్రీస్తు తల దగ్గరే కలుస్తాయి. చేతులు చాచిన ఆయన ఆకారం త్రిభుజంలా స్థిరంగా నిలుస్తుంది, వెనుక కిటికీ వెలుగే తేజోవలయమవుతుంది. అటూ ఇటూ పన్నెండుగురు శిష్యులు ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులై కలవరంతో ఒరుగుతారు. ఎంత చూసినా తనివి తీరని ఈ అమరికను దుకాణంవారు అంచులు కత్తిరించకుండా నిలిపారు, అందుకు సంతోషం.

రంగుల విషయంలో మాత్రం తృప్తి కలగలేదు. ఎండిన గోడపై వేసినందువల్ల మూలచిత్రం త్వరగానే పెచ్చులూడింది. 1999లో ముగిసిన పునరుద్ధరణ తర్వాత అందులోని ఛాయలు మెత్తగా కనిపిస్తాయి. మా ప్రతిలో క్రీస్తు పైవస్త్రపు నీలాన్ని మరీ ముదురుగా అచ్చువేయడంతో, మడతల్లో వెలుగు నీడగా మారే తీరు కనబడకుండా పోయింది. చేయించుకునేవారు ముద్రణకు ముందే చిన్న నమూనా అడిగి చూసుకోవడం మంచిది.