తిరుపతి–చిత్తూరు దారిలో వైర్‌గార్డ్: రెండేళ్లు వాడాక

ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగానే ఉంటాయి, పని మాత్రం మధ్యలో తెగిపోతుంది. తిరుపతిలో వీధి గేటు దాటగానే ఇంటి వైఫై పోయి సిమ్ డేటా వస్తుంది. చంద్రగిరి దాటాక ఒక సిమ్ నీరసించి రెండోది అందుకుంటుంది. చిత్తూరు చేరాక మళ్లీ ఆఫీసు వైఫై. ఇలా మారిన ప్రతిసారీ ఫోన్ ఐపీ చిరునామా మారుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లు డేటా పంపుకునే పద్ధతి టీసీపీ, ఆ కనెక్షన్‌కు గుర్తింపే రెండు వైపుల చిరునామాలూ, పోర్టులూ. అందులో ఒకటి మారితే పాత కనెక్షన్ కథ అంతటితో సరి. రిమోట్ డెస్క్‌టాప్, ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌కు కమాండ్లు కొట్టే దారి), సగం ఎక్కిన ఫైలు, అన్నీ మొదటికొస్తాయి. వీడియోలు చూసేవాళ్లకు ఈ బాధ పెద్దగా తెలియదు, బఫర్ కాపాడుతుంది. పైగా 2021లో ప్రామాణికమైన క్విక్ ప్రోటోకాల్ కనెక్షన్‌కు సొంత గుర్తు సంఖ్య ఇస్తుంది కాబట్టి చిరునామా మారినా కొనసాగే వీలుంది. మనం పనికి వాడే పాత సాఫ్ట్‌వేర్లకు ఆ భాగ్యం లేదు.

దీనికి రెండేళ్లుగా వాడుతున్న మందు వైర్‌గార్డ్, అంటే ఫోన్‌కూ ఇంటికీ మధ్య టన్నెల్ (రహస్య సొరంగం) వేసే వీపీఎన్. రెండు సిమ్‌ల ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి, ట్యాబ్ ఒకటి, ఇంట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రూటర్. యాప్ ఉచితం, సోర్సు తెరిచే ఉంటుంది, వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన 5.6 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే (ఆ సిస్టమ్ గుండెలోనే) భాగం. ముందే చెప్పేస్తా: నెట్‌వర్క్ మారడం వల్ల కనెక్షన్ తెగిపోవడాన్ని ఇది దాదాపు పూర్తిగా ఆపుతుంది. సిగ్నలే లేని చోట మాత్రం ఏమీ చేయలేదు. ఈ రెంటికీ తేడా తెలియకపోతే నిరాశ తప్పదు.

పని చేసే తీరు ఇదీ. టన్నెల్ లోపల ఫోన్‌కు 10.77.0.2 అని ఒక చిరునామా ఇస్తాం, అది ఎప్పటికీ మారదు. బయటి చిరునామా వైఫైదా, సిమ్‌దా అన్నది అప్లికేషన్లకు కనిపించదు. గేటు దాటి సిమ్ డేటాలోకి రాగానే ఫోన్ పంపే మొదటి ప్యాకెట్ (డేటా ముక్క) కొత్త చిరునామా నుంచి వస్తుంది. దాని తాళం (రహస్య కీ) సరిపోయిందని తేలగానే అవతలి వైపు ‘ఓహో, ఇకనుంచి ఇతను ఇక్కడ’ అని ఎండ్‌పాయింట్ (ఎదుటివాళ్ల బయటి చిరునామా) మార్చేసుకుంటుంది. మళ్లీ లాగిన్ లేదు, మనం నొక్కాల్సిందీ లేదు. ఎస్‌ఎస్‌హెచ్ తెర రెండు మూడు సెకన్లు బిగుసుకుని, కొట్టిన అక్షరాలన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి.

పెట్టుకునేటప్పుడు మొదట తగిలే గోడ సీజీనాట్, అంటే ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచడం. రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (బయటి వైపు చిరునామా) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే మీ ఇంటికి బయటి నుంచి నేరుగా దారి లేదు, పోర్ట్ ఫార్వార్డింగ్ ఎంత చేసినా దండగ. స్టాటిక్ ఐపీ అడిగి అదనంగా కట్టడం ఒక దారి. ఇంటి ఐపీవీ6 చిరునామా వాడటం ఇంకోటి. ఈ రెండోది వినడానికి బాగుంటుంది గానీ ఒక చిక్కుంది: సిమ్ మీద చక్కగా నడిచిన టన్నెల్, ఐపీవీ4 మాత్రమే ఉన్న ఆఫీసు వైఫైలోకి వెళ్లగానే మూగబోతుంది. నిలకడగా పనిచేసింది మూడో దారి: పబ్లిక్ ఐపీవీ4 ఉన్న అతి చిన్న వీపీఎస్ (డేటాసెంటర్లోని సర్వర్) ఒకటి అద్దెకు తీసుకుని, ఫోన్, ట్యాబ్, ఇంటి రూటర్ అన్నీ దానికే కలిసేలా పెట్టడం. ముంబై, హైదరాబాద్ డేటాసెంటర్లు దొరుకుతుండగా సింగపూర్ తీసుకోవద్దు, ప్రతి ప్యాకెట్‌కూ సముద్రయానం ఎందుకు? ఈ తలనొప్పే వద్దనుకునేవాళ్లకు టెయిల్‌స్కేల్ ఉంది. అదీ లోపల వైర్‌గార్డే, సీజీనాట్ సంగతి అదే చూసుకుంటుంది.

ఫోన్ కాన్ఫిగ్‌లో సర్వర్ ఎండ్‌పాయింట్ దగ్గర పేరు కాకుండా అంకెల ఐపీ రాయడమే మేలు. పేరు రాస్తే యాప్ దాన్ని టన్నెల్ ఆన్ చేసేటప్పుడు ఒక్కసారే వెతుకుతుంది. ఇంటి ఐపీ రోజూ మారే కనెక్షన్‌కు డైనమిక్ డీఎన్‌ఎస్ పేరు పెట్టుకున్నవాళ్లు ‘పొద్దున పనిచేసింది, మధ్యాహ్నం చచ్చింది’ అనేది ఇందుకే. ఆఫ్ చేసి ఆన్ చేస్తే బాగవుతుంది, అది మరమ్మతు కాదు.

పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 (25 సెకన్లకొకసారి ఉత్త ప్యాకెట్ పంపే సెట్టింగు) అని ప్రతి గైడులోనూ ఉంటుంది, అందరూ గుడ్డిగా ఫోన్లో కూడా పెట్టేస్తారు. అది కావాల్సింది ఇంటి రూటర్‌కు. నాట్ (ఒకే బయటి ఐపీని పలువురికి పంచే ఏర్పాటు) వెనక కూర్చుని బయటి నుంచి వచ్చే పలకరింపు కోసం ఎదురుచూసేది అదే కదా. 25 సెకన్లకొక ప్యాకెట్ పంపకపోతే మధ్యలోని నాట్ ఆ దారి మూసేయొచ్చు. ఫోన్ ఎప్పుడూ తనే మొదలుపెడుతుంది కాబట్టి దానికి అక్కర్లేదు. ఫోన్లో పెడితే ప్రతి 25 సెకన్లకూ రేడియో నిద్ర లేస్తుంది, సాయంత్రానికి బ్యాటరీ ఏ మాత్రం మిగిలిందో చూస్తే తెలుస్తుంది.

ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) 1280. ఫోన్‌కూ ట్యాబ్‌కూ ఇదే రాయండి. లినక్స్‌లో మామూలుగా వచ్చే 1420 అనేది బయటి దారి 1500 బైట్లు మోస్తుందన్న నమ్మకం మీద ఉంటుంది. ఇంటి ఫైబర్ పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పద్ధతి) అయితే మోసేది 1492 మాత్రమే, మొబైల్ నెట్‌వర్కుల్లో ఇంకా తగ్గొచ్చు. తప్పితే లక్షణం ఇలా ఉంటుంది: పింగ్ వస్తుంది, చిన్న పేజీలు తెరుచుకుంటాయి, ఫొటో పంపితే మాత్రం గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ లక్షణం చూసి సిమ్ మార్చినవాళ్లు ఎందరో.

అలౌడ్ ఐపీస్‌లో (టన్నెల్‌లోకి వెళ్లాల్సిన చిరునామాల జాబితాలో) అన్నీ టన్నెల్‌లోకి తోసే 0.0.0.0/0 బదులు, మనకు కావాల్సిన నెట్‌వర్కులే రాయండి: 10.77.0.0/24, ఇంటి నెట్‌వర్కు. ఇంటి నెట్‌వర్కును ముందే 192.168.1 నుంచి 192.168.77 లాంటి దానికి మార్చండి. ఎందుకంటే వెళ్లిన చాలా చోట్ల రూటర్ 192.168.1 మీదే ఉంటుంది, రెండూ ఒకటైతే ఇంటి ఎన్‌వీఆర్ (సీసీ కెమెరాల రికార్డర్) అనుకుని పక్కవాడి ప్రింటర్ తలుపు తడతారు. ఇలా విడగొడితే బ్యాంకు యాప్‌ల గొడవా తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. కొన్ని బ్యాంకు యాప్‌లు వీపీఎన్ ఆన్‌లో ఉందని కనిపిస్తే చాలు, మొరాయిస్తాయి. యాప్‌లో టన్నెల్ ఎడిట్ చేసే చోట అప్లికేషన్ల జాబితా ఉంది, వాటిని అక్కడ మినహాయించండి.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది తాళాల సంగతి. ఫోన్లో పనిచేస్తోంది కదా అని అదే కాన్ఫిగ్ క్యూఆర్‌ను ట్యాబ్‌తోనూ స్కాన్ చేస్తారు. రెండింటికీ ఒకే తాళం, ఒకే 10.77.0.2. సర్వర్‌కు ఇద్దరు మనుషులని తెలియదు, చివరగా పలికినవాడి వైపే తిరుగుతుంది. ఫోన్ ఒక ప్యాకెట్ పంపగానే ట్యాబ్ జవాబులన్నీ ఫోన్‌కు పోతాయి, మరుక్షణం తిరగబడుతుంది. సర్వర్‌లో స్టేటస్ కమాండ్ కొట్టి ఎండ్‌పాయింట్ వరుస చూస్తే ఆ అంకెలు రెండు చిరునామాల మధ్య ఊగుతూ కనిపిస్తాయి. పరికరానికి ఒక తాళం, ఒక చిరునామా. ఇందులో పొదుపు పనికిరాదు. ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తే ట్యాబ్ కూడా ఫోన్ టన్నెల్‌లోనే పోతుందనుకోవడం ఇంకో భ్రమ. మామూలు ఆండ్రాయిడ్‌లో హాట్‌స్పాట్ ట్రాఫిక్ వీపీఎన్‌లోకి వెళ్లదు. ట్యాబ్‌లో దాని సొంత టన్నెల్ ఆన్ చేయాల్సిందే.

సెట్టింగుల్లో ఆల్వేస్ ఆన్ వీపీఎన్ పెట్టండి, బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి. ‘వీపీఎన్ లేకుండా కనెక్షన్లు ఆపు’ అన్నది మాత్రం ముట్టుకోవద్దు. రైల్వే స్టేషన్ వైఫై లాంటివి ఓటీపీ పేజీ చూపించాకే దారిస్తాయి, ఈ సెట్టింగు ఆన్‌లో ఉంటే ఆ పేజీ రావడమే కష్టం.

ఇక ఇది చేయలేని పనులు. తిరుమల ఘాట్ మలుపుల్లో కొండ అడ్డొచ్చి టవర్ తప్పిపోతే ఐపీ మారడం కాదు, అసలు గాలే ఆడదు. అక్కడ గమనించాల్సింది ఒకటుంది. మలుపు తిరిగి గీతలు నిండాక కూడా అప్‌లోడ్ వెంటనే కదలదు. టన్నెల్ తప్పు కాదది. లోపలి టీసీపీ జవాబు రానప్పుడు, ఉదాహరణకు, ఒక సెకను ఆగి మళ్లీ పంపుతుంది, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఇలా వ్యవధి రెట్టింపు చేసుకుంటూ పోతుంది. అర నిమిషం సిగ్నల్ పోయిందంటే, తిరిగి వచ్చాక తర్వాతి ప్రయత్నం దాకా ఇంకో పావు నిమిషమో అర నిమిషమో ఆగాల్సి రావచ్చు. ఈలోపు కంగారుపడి ఏరోప్లేన్ మోడ్ నొక్కడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఓపిక పట్టండి, అదే కదులుతుంది.

అంటుకుపోయే వైఫై రెండో జబ్బు. గేటు దగ్గర సిగ్నల్ బలం మైనస్ 85 డీబీఎం దాకా పడిపోయినా ఫోన్ ఇంటి వైఫైని వదలదు, టన్నెల్ మారదు. డెవలపర్ ఆప్షన్స్‌లో ‘మొబైల్ డేటా ఆల్వేస్ యాక్టివ్’ ఆన్ చేస్తే మారేటప్పటి జాప్యం తగ్గుతుంది. వైఫై బాగాలేనప్పుడు డేటాకు మారే ఆప్షన్ కంపెనీకొక పేరుతో ఉంటుంది, అదీ ఆన్ చేయండి. ప్రయాణంలో 5జీ ఆపి 4జీ మీద ఉంచడం నాకు నచ్చిన పద్ధతి: అంచుల్లో ఊగులాట తగ్గుతుంది, ఫోన్ వేడెక్కదు.

రెండు సిమ్‌లు వేరు వేరు కంపెనీలవై ఉండాలి, ఒకే కంపెనీవి రెండు వేస్తే రెండూ ఒకే టవర్‌తో కలిసి పడుకుంటాయి. చిత్తూరు దాటి కాట్పాడి వైపు వెళితే తమిళనాడు సర్కిల్, పలమనేరు దాటితే కర్ణాటక. డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే కొన్ని ఫోన్లలో సరిహద్దు దగ్గర డేటా ఆగుతుంది. మామూలు రెండు సిమ్‌ల ఫోన్లో ఒక సిమ్ మీద కాల్ వస్తే రెండో సిమ్ డేటా ఆగడం సహజం, కాల్ సమయంలో డేటా మార్చుకునే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. టన్నెల్ ఆ మార్పును తట్టుకుంటుంది.

కరెంటు పోతే ఇంటి వైపు మొత్తం మాయం. మినీ యూపీఎస్ కొనేటప్పుడు 10,400 ఎంఏహెచ్ అన్న అంకె చూసి మురిసిపోవద్దు, అది 3.7 వోల్టుల దగ్గరి లెక్క. అంటే 38 వాట్ అవర్లు. ఫైబర్ పెట్టె, రూటర్ కలిపి 10 వాట్లు తాగితే, మార్పిడి నష్టం పోను దాదాపు మూడు గంటలు. అడాప్టర్ మీద 12 వోల్టులు 2 ఆంపియర్లని ఉంటే, 1 ఆంపియర్ ఇచ్చే యూపీఎస్ సరిపోకపోవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉండి, నలుగురు వైఫై వాడగానే రూటర్ రీస్టార్ట్ అయిందంటే అదే కారణం.

మామూలు కాల్స్‌కు వైర్‌గార్డ్‌తో సంబంధం లేదు. వైఫై కాలింగ్ తన సొంత టన్నెల్‌లో, ఐపీసెక్ అనే ఇంకో రకం దానిలో, పోతుంది. రూటర్‌లో యూడీపీ 500, 4500 పోర్టులు మూసి ఉంటే అది రిజిస్టరే కాదు. వైఫై నుంచి బయటికి నడిస్తే కాల్ తెగకుండా వోల్టీకి (4జీ మీద నడిచే కాల్‌కు) మారాలి, ఆ మార్పుకు బయట 4జీ ఉండాలి. లోపల సిగ్నల్ రాకే వైఫై కాలింగ్ పెట్టుకున్న ఇళ్లలో గుమ్మం దగ్గర కూడా 4జీ అంతంతమాత్రమే. అలాంటి చోట బయల్దేరే ముందు వచ్చిన కాల్‌ను లోపలే ముగించుకోండి, లేదా బండి దాకా వెళ్లాక మీరే తిరిగి చేయండి.