బుట్ట ఇచ్చే తోట, టికెట్టు ఇచ్చే తోట

విశాఖ మన్యంలోని లంబసింగి చుట్టుపక్కల స్ట్రాబెర్రీ తోటలు రెండు రకాలు. గేటు దగ్గర టికెట్టు చేతిలో పెట్టి పంపేవి కొన్ని, బుట్ట చేతిలో పెట్టి పంపేవి కొన్ని. రోడ్డు మీంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అదే దడి, అదే ఎర్రటి పండు బొమ్మ వేసిన ఫ్లెక్సీ. లోపలికి వెళ్లాకే తేడా తెలుస్తుంది. మొదటి రకంలో ఫొటోలకు ఊయల ఉంటుంది, పూల తోరణం ఉంటుంది, ఓ మూల నాలుగు వరసల స్ట్రాబెర్రీ మొక్కలు కూడా ఉంటాయి. పండు మాత్రం ముట్టుకోనివ్వరు. కావాలంటే బయట బల్ల మీద డబ్బాల్లో పెట్టి ఉన్నవి కొనుక్కోవాలి. పిల్లలకు పండు కోయడం చూపించాలని అంత దూరం వెళ్లి డబ్బా కొనుక్కుని రావడం ఎందుకు? ఆ డబ్బా ఊళ్లోనే దొరుకుతుంది కదా.

అందుకని ముందే ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడగండి: "మేమే కోసుకోవచ్చా?" అవునంటే రెండో ప్రశ్న: "రేపు కోతకి పండు ఉందా?" ఈ రెండోదానికి సూటిగా జవాబు చెప్పేవాళ్ల తోటకే వెళ్లండి. "నిన్న బాగా కోసేశారమ్మా, రెండ్రోజులు ఆగి రండి" అన్న రైతు మాటే మేం పట్టుకున్నాం. ఆగాం, వెళ్లాం, బుట్ట నిండింది.

మేమంటే నేను, మావారు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు. సంక్రాంతి రద్దీ తగ్గాక, వారం మధ్యలో బయల్దేరాం. అంతకు ముందు మహారాష్ట్రలోని మహాబలేశ్వర్, పంచగని వైపు తోటలు కూడా చూసి ఉన్నాం కాబట్టి పోల్చి చెప్పే వీలుంది.

దారి సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. విశాఖ వైపు నుంచి అనకాపల్లి మీదుగా, రాజమండ్రి వైపు నుంచి తుని మీదుగా నర్సీపట్నం చేరితే, అక్కడి నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లే. పెట్రోలు, డబ్బు రెండూ నర్సీపట్నంలోనే చూసుకోండి. కొండ మీద సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. తోటలో తూకం అయ్యాక ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిరగడం కంటే చిల్లరతో నోట్లు దగ్గర ఉంచుకోవడం నయం. తెల్లవారుజామున ఘాట్ ఎక్కేవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పొగమంచులో ముందు బండి ఎర్ర లైటు తప్ప ఏమీ కనబడదు. శనివారం రాత్రి, ఆదివారం పొద్దున అయితే ఆ లైట్లు వరసగా కిలోమీటర్ల కొద్దీ కనబడతాయి.

ఇక బస. మూడు దారులున్నాయి. లంబసింగిలోనే టెంటులో పడుకోవడం, ఇంకో 20 కిలోమీటర్లు వెళ్లి చింతపల్లిలో గది తీసుకోవడం, లేదా కిందే నర్సీపట్నంలో లాడ్జిలో ఉండి పొద్దున్నే ఎక్కడం. కుర్రాళ్ల గుంపు అయితే టెంటు బాగానే ఉంటుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో అయితే వద్దనే చెబుతాను. మేం మొదటి రాత్రి టెంటులోనే ఉన్నాం. చలిమంట బాగుంది, బొంగులో చికెన్ బాగుంది, ఆకాశం నిండా చుక్కలు. పదకొండు దాటాక పక్క గుంపు పెట్టిన స్పీకరు మాత్రం ఒంటిగంట దాకా ఆగలేదు. నడిపేవాళ్లకు చెబితే, "సీజను కదండీ" అన్నారు. రగ్గులు ముందే తేమ పట్టి ఉన్నాయి. బాత్రూమ్ చాలా టెంట్లకు కలిపి ఒకటే, అదీ చీకట్లో రాళ్ల మీంచి నడిచి వెళ్లాలి. అత్తగారు రాత్రంతా నీళ్లు తాగకుండా గడిపారు, పొద్దున్నే చెప్పారు ఆ మాట. డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత తరచూ పది డిగ్రీలకు లోపలే ఉంటుంది, కొన్ని రాత్రులు ఐదుకీ అంతకంటే కిందికీ దిగుతుంది. ఆ చలిలో వేడినీళ్లు లేని బస చవకగా దొరికినా చవక కాదు.

రెండో రాత్రి చింతపల్లికి మారిపోయాం. మామూలు గదే. గీజరు పనిచేసింది, తలుపు గడియ సరిగ్గా పడింది, కింద హోటల్లో వేడి ఇడ్లీ దొరికింది. అంతకు మించి అడగలేదు. తోటకు పొద్దున అరగంట ప్రయాణం. రోడ్డుకు అటూ ఇటూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. ఆ అరగంట కోసమైనా చింతపల్లి బస మంచిదంటాను.

తోటలోకి ఎనిమిదిన్నరకు వెళ్లాం. ఇంకా ముందు వెళ్తే ఆకుల మీద మంచు నీళ్లు కారుతుంటాయి. తడిసిన పండు కోస్తే తొందరగా పాడవుతుంది, కోసేవాళ్ల చేతులూ కొంకర్లు పోతాయి. పది దాటితే ఎండకు పండు మెత్తబడుతుంది, టూరిస్టు బస్సులు కూడా దిగుతాయి. మధ్యలో ఉన్న ఆ గంటన్నరే మనది.

మొక్కలు ఎత్తు బోదెల మీద, అంటే పొడుగాటి మట్టి గట్ల మీద ఉంటాయి. బోదె మీద ప్లాస్టిక్ షీటు, షీటుకు చేసిన బెజ్జంలోంచి పైకొచ్చిన మొక్క, షీటు కింద డ్రిప్పు పైపు. పండు మట్టికి తగలకుండా, కలుపు రాకుండా, తేమ ఆరిపోకుండా ఈ షీటు. మా అబ్బాయి వయసు పిల్లాడికి బోదె మోకాలి కంటే కాస్త కిందికి వస్తుంది కాబట్టి వాడు వంగకుండానే కోసేశాడు. పెద్దవాళ్ల నడుములే పట్టేశాయి. అత్తగారికి రైతు ఇంటావిడ కాటా పక్కనే నులక మంచం వేసి కూర్చోబెట్టారు. అక్కడ కూర్చుని ఆవిడ వచ్చిన బుట్టలన్నీ తనిఖీ చేశారు.

కోయడం ఎలాగో రైతే ముందు చూపించాడు. మా అమ్మాయి పండు పట్టుకుని లాగబోతే, "లాగకు తల్లీ, పండు నలిగిపోద్ది, మొక్క కూడా కదిలిపోద్ది. ఇదిగో, ఇక్కడ గోరుతో నొక్కు" అని ముచ్చికకు వేలెడు పైన కాడను బొటనవేలి గోటికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి టక్కున తుంచాడు. పండు ఆయన వేళ్లకు తగల్లేదు. ఆకుపచ్చ టోపీ, చిన్న కాడ ఉన్న పండు అరచేతిలోకి జారింది. ఆ 'టక్' శబ్దం కోసమే మా పిల్లలు తర్వాత అరగంట కోశారు.

ఏది కోయాలన్నది ఇంకో విద్య. మామిడి, అరటిలా దోరగా కోసి ముగ్గబెట్టే పండు కాదిది. కొమ్మ మీద ఎంత తీపి ఎక్కిందో అంతే. కోశాక రంగు కాస్త ముదరొచ్చు గానీ తీపి పెరగదు. అందుకే భుజాల దాకా, అంటే టోపీ అంచు దాకా, ఎర్రబడిన పండే కోయాలి. పైకి ఎర్రగా నిగనిగలాడుతూ టోపీ కింద తెల్లగా ఉంటే వదిలేయండి, రేపు వచ్చేవాళ్లకు పనికొస్తుంది. కోసే ముందు పండును ఓసారి తిప్పి చూడాలి. షీటు మీద ఆనిన వైపు మెత్తబడి ఉంటుంది ఒక్కోసారి. పెద్ద పండు చూసి మోసపోవద్దు. గుత్తిలో మొదట వచ్చే పండే అన్నిటికంటే పెద్దది, తర్వాతవి చిన్నవి. మేం తిన్నంతలో చిన్నవే తియ్యగా ఉన్నాయి. వరస మొదట్లో ఉన్నవి అందరూ కోసేస్తారు. చివరిదాకా నడిచి ఆకులు పైకెత్తి చూస్తే కింద దాక్కుని ఉంటాయి. మా అమ్మాయి బుట్ట మా అందరి బుట్టల కంటే ముందు నిండిందంటే అదే రహస్యం.

మందు సంగతి అడగాలి. "మందు కొట్టారా?" అంటే ఎవరైనా లేదనే అంటారు. "చివరిసారి ఎప్పుడు కొట్టారు?" అని అడగండి, మాట తేలుతుంది. స్ట్రాబెర్రీకి తొక్క లేదు, ఒలిచి పారేసే వీలు లేదు. మా రైతు రోజు చెప్పి, ఏ వరసలో కొట్టలేదో ఆ వరసకే పంపాడు. అయినా కొమ్మ మీద నుంచి నోట్లోకి వద్దన్నాం. కుళాయి దగ్గర కడిగి ఇచ్చినవే తిన్నారు. మా అబ్బాయి చొక్కా చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు.

ధర గురించి భ్రమలు వద్దు. మనం కోసుకున్నాం కదా, కూలీ మిగిలింది కదా అని బజారు కంటే చవకగా రాదు. ఎక్కువే పడుతుంది. పిల్లలు తొక్కిన మొక్కకు, పచ్చిది కోసి పారేసినదానికి, మన వెంట తిరిగే మనిషికి కూడా ఆ ధరలోనే రావాలి. నాకు అది న్యాయంగానే తోచింది. న్యాయంగా లేనిది ఇంకో తోటలో చూశాం. తలకింత ప్రవేశ రుసుము, లోపల బుట్టకు అద్దె, కోసినదానికి మళ్లీ తూకం డబ్బు. పైగా బుట్ట బరువు తీసేయకుండానే తూచారు. అడిగితే తీశారు. కాటా మీద ఖాళీ బుట్ట పెట్టి సున్నా చేయమని ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

మరుగుదొడ్లు చాలా తోటల్లో లేవు. ఉన్నచోట నీళ్లు లేవు. ఈ విషయంలో పంచగని, మహాబలేశ్వర్ ఎన్నో మెట్లు పైన.

అసలు స్ట్రాబెర్రీ అంటే మన దేశంలో మహాబలేశ్వరే. 1,300 మీటర్ల ఎత్తున సహ్యాద్రి మీద, ఎర్రమట్టిలో, తరాలుగా పండిస్తున్నారు. 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పుణె నుంచి వాయి మీదుగా పసర్ని ఘాట్ ఎక్కితే పంచగని, అక్కడి నుంచి మహాబలేశ్వర్ దాకా ఇరవై కిలోమీటర్ల రోడ్డు పొడుగునా పండే. రోడ్డు పక్క తోటల్లో క్రీముతో కలిపి గాజు గ్లాసుల్లో ఇస్తారు. బల్లలు శుభ్రం, మరుగుదొడ్లు శుభ్రం, కారు పెట్టుకునే చోటు ఉంటుంది. స్వీట్ చార్లీ, వింటర్ డాన్, కామరోసా అని రకాల పేర్లు చెప్పి మరీ రుచి చూపిస్తారు. పండు మాత్రం లంబసింగి పండు కంటే ఒక మెట్టు పైనే. ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ కోసుకోనిచ్చే తోట వెతకడానికే అక్కడ మాకు సగం రోజు పట్టింది. అక్కడిది పెద్ద వ్యాపారం. తెల్లవారకముందే కూలీలు కోసి, డబ్బాల్లో సర్ది, ముంబయి, పుణె మార్కెట్లకు పంపేస్తారు. మనలాంటివాళ్లు వరసల్లో తిరిగితే వాళ్లకు నష్టమే. కొన్ని తోటల్లో చేతికి చిన్న డబ్బా ఇచ్చి, అది నిండాక చాలంటారు. పిల్లలకు అది చాలలేదు. అదే దారిలో భిలార్ అనే ఊరుంది. అది స్ట్రాబెర్రీ పండించే ఊరే, 2017 నుంచి పుస్తకాల ఊరు కూడా. ఇళ్లలో, గుళ్లలో పుస్తకాలు పెట్టి ఎవరైనా కూర్చుని చదువుకోమన్నారు. ఎక్కువ మరాఠీ పుస్తకాలే అయినా మావారు అక్కణ్ణుంచి కదలనన్నారు.

కాబట్టి పండు తినడానికైతే మహాబలేశ్వర్ వెళ్లండి, అదీ ఆ వైపు వేరే పని ఉంటేనే. పిల్లలు మట్టిలో తిరిగి, కోసి, తూకం వేయించుకోవాలంటే లంబసింగి చాలు. సౌకర్యాల్లో వెనకబడినా ఇక్కడ రైతు పక్కనే ఉంటాడు, మాట్లాడతాడు. మొక్కలు ఎక్కణ్ణుంచి తెచ్చారని మా అబ్బాయి అడిగితే, మహారాష్ట్ర నుంచి లారీలో ఎలా వచ్చాయో, దారిలో ఎన్ని ఎండిపోయాయో వాడికి కథలా చెప్పాడు.

తోట అయ్యాక మిగిలిన పూట ఏం చేయాలంటే, తాజంగి రిజర్వాయరు దగ్గరే, పిల్లలకు అది చాలు. చెరువులవేనం దగ్గర మబ్బులు కాళ్ల కింద తేలడం చూడాలంటే చీకట్లో బయల్దేరి నడవాలి. అత్తగారితో కుదరలేదు, మావారూ అబ్బాయీ వెళ్లొచ్చారు. చింతపల్లిలో 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాడి చేసిన పోలీసు స్టేషను కథ మా అబ్బాయి పాఠంలో ఉంది. తిరుగు దారిలో కృష్ణదేవిపేట వైపు మళ్లి ఆయన సమాధి చూశాం. అక్కడ మా వాడు వరసగా మూడు దాడుల పేర్లూ తేదీలతో సహా చెప్పి వాళ్ల నానమ్మ దగ్గర మార్కులు కొట్టేశాడు.

పండు ఇంటికి చేర్చడం ఇంకో పని. ఘాట్ మలుపుల్లో డిక్కీలో పెట్టిన బుట్ట కింది వరస గుజ్జయిపోతుంది. లోతు లేని అట్టపెట్టెలు, అడుగున కాగితం, ఒక్క వరస, ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఇంటికి వెళ్లాక కడగొద్దు, టోపీ తీయొద్దు. అలాగే ఫ్రిజ్‌లో పెట్టి, తినే ముందే కడుక్కోవాలి. రెండు మూడు రోజుల్లో అవగొట్టేయాలి. నలిగినవాటితో జామ్ చేసుకోవచ్చు. ఈ పండుకు గట్టిపడే గుణం తక్కువ, నిమ్మరసం పిండకపోతే పాకంలా జారుతుంది.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా కోతలు నడుస్తాయి. మంచు కోసమైతే డిసెంబరు మంచిది. పండు కోసమైతే సంక్రాంతి తర్వాత, మంగళ, బుధవారాల్లో. ఆదివారం జనం కోసి వెళ్లిన తోటకు సోమవారం వెళ్తే పచ్చికాయలే కనబడతాయి.