స్క్లెరల్ లెన్సులు, వాటిని తీసే చిన్న రబ్బరు ప్లంజరు: ఆరేళ్లు వాడాక

నాకు రెండు కళ్లకీ కెరటోకోనస్ ఉంది. అంటే కార్నియా (నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర) పలచబడి శంకువులా ముందుకు పొడుచుకొచ్చింది. జబ్బు ముదరకుండా సీత్రీఆర్ (చుక్కల మందు వేసి, అతినీలలోహిత కాంతితో కార్నియాను గట్టిపరిచే చికిత్స) చేశారు. అది ముదరడాన్ని ఆపింది కానీ, పోయిన చూపు దాంతో తిరిగి రాలేదు. కళ్లద్దాలు పెట్టుకున్నా ఒక్కో అక్షరం మూడుగా కనిపించేది. ఆరేళ్ల క్రితం స్క్లెరల్ లెన్సులు పెట్టుకున్న రోజున, ఎదురుగా వస్తున్న బస్సు నంబరు దూరం నుంచే చదివాను. ఆ ఆనందం ఇప్పటికీ గుర్తుంది. చూపు విషయంలో ఈ లెన్సులకు నేను పూర్తి మార్కులు వేస్తాను. అయితే ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా వాటిని తీయడం గురించి, ఎందుకంటే నాకు సరిగ్గా నేర్పనిది అదే.

మామూలు గట్టి లెన్సు తొమ్మిది, పది మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. నావి 16.5 మిల్లీమీటర్లు. ఇవి కార్నియాను తాకవు, దాని పైనుంచి గొడుగులా వచ్చి తెల్లగుడ్డు మీద కూర్చుంటాయి. మధ్యలో ఉన్న ఖాళీని పెట్టుకునే ముందే ప్రిజర్వేటివ్ లేని సెలైన్‌తో నింపుతాం. రోజంతా పెట్టుకుంటే లెన్సు మెల్లగా కిందికి సర్దుకుంటుంది, అంచు బిగుస్తుంది. వేడి గిన్నె మీద మూత పెట్టి మరిచిపోతే చల్లారాక ఎలా పట్టేస్తుందో అలాగే. ఆ మూతను మధ్యలో పట్టుకుని ఎంత లాగినా రాదు. అంచు దగ్గర చెంచా దూర్చి కాస్త గాలి పోనిస్తే తేలిగ్గా వచ్చేస్తుంది. లెన్సు తీయడంలో కిటుకంతా ఇదే.

ఇది నాకు మొదటి రాత్రి తెలియదు. లెన్సు ఇచ్చిన చోట పెట్టుకోవడం గంటసేపు నేర్పారు, తీయడం అయిదు నిమిషాల్లో చూపించి పంపేశారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ప్లంజరును (లెన్సుకు అంటుకుని పట్టుకునే చిన్న రబ్బరు కప్పున్న కాడ) సరిగ్గా లెన్సు మధ్యలో అంటించి లాగాను. లెన్సు రాలేదు, కనుగుడ్డే ముందుకొస్తున్నట్టు అనిపించింది. నలభై నిమిషాలు అలాగే తంటాలు పడ్డాను. చేతులు వణికాయి. ఆ టెన్షన్‌లో కళ్లు ఇంకా గట్టిగా మూసుకునేవాణ్ణి. మా అమ్మ పక్కన నిలబడి చూసి చూసి, "ఇడ్లీని రేకులోంచి మధ్యలో గుచ్చి తీస్తామా? అంచు నుంచి లేపరా" అంది. ఆవిడకి లెన్సుల గురించి ఏమీ తెలియదు. కానీ ఆ మాట నిజం. మర్నాడు వేరే కంటి డాక్టరు దగ్గరికి వెళితే ఆయనా అదే చెప్పారు. మధ్యలో పట్టి లాగితే లోపలి పీడనం ఇంకా తగ్గి లెన్సు మరింత బిగుస్తుంది. కార్నియా మార్పిడి చేయించుకున్నవాళ్లకు అలా లాగడం చాలా ప్రమాదమని కూడా చెప్పారు.

ఇప్పుడు రోజూ నేను చేసేది ఇది. ముందు సబ్బుతో చేతులు కడుక్కుని పొడి టవల్‌తో తుడుచుకుంటాను. బేసిన్‌కు మూత పెట్టి, దాని మీద శుభ్రమైన బట్ట పరుస్తాను. ప్రిజర్వేటివ్ లేని కంటి చుక్కలు రెండు వేసుకుని, రెప్పలాడిస్తూ రెండు మూడు నిమిషాలు ఆగుతాను. ఈ ఆగడం చాలా అవసరం. తర్వాత పైకి చూస్తూ, కింది రెప్ప మీద వేలు పెట్టి, లెన్సు అంచుకు ఆనుకుని ఉన్న తెల్లగుడ్డును మెత్తగా నొక్కుతాను. ఒక చిన్న గాలి బుడగ లోపలికి జారుతుంది. అద్దంలో అది కనిపిస్తుంది కూడా. అప్పుడు ప్లంజరు కొసను సెలైన్‌తో తడిపి, లెన్సు కింది అంచుకు దగ్గరగా ఆనించి, ముందుకీ పైకీ వంపుగా లేపుతాను. తలుపు తెరిచినట్టు కింది అంచు ముందు వస్తుంది, మిగతాది దాని వెంటే వస్తుంది. ప్లంజరు నుంచి లెన్సును విడదీసేటప్పుడు కూడా నేరుగా లాగకూడదు, పక్కకు జరపాలి. నేరుగా లాగి ఒక లెన్సును రెండు ముక్కలు చేసుకున్నాను, అది చాలా ఖరీదైన పాఠం.

అంతకన్నా పెద్ద తప్పు రెండో నెలలో చేశాను. ఆ రోజు అలసటగా ఉంది. వేలితో నొక్కినప్పుడే లెన్సు జారి కింద బట్ట మీద పడిపోయింది. నేను చూసుకోలేదు. లెన్సు ఇంకా కంట్లోనే ఉందనుకుని ప్లంజరును ఉత్త కార్నియాకే అంటించి లాగాను. ఆ మంట మాటల్లో చెప్పలేను. కార్నియా గీరుకుపోయింది. యాంటీబయాటిక్ చుక్కలు వేసుకుంటూ వారం రోజులు లెన్సు లేకుండా గడిపాను. అప్పటి నుంచి ప్లంజరు చేతిలోకి తీసుకునే ముందు రెండు పనులు తప్పక చేస్తాను. తెల్లగుడ్డు మీద లెన్సు గుండ్రటి అంచు కనిపిస్తోందా అని అద్దంలో చూస్తాను. రెండో కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చదువుతాను. అక్షరాలు స్పష్టంగా ఉంటే లెన్సు ఉన్నట్టు, అలుక్కుపోయినట్టు కనిపిస్తే లేనట్టు. ఈ ఒక్క అలవాటు కోసమైనా ఇది నలుగురూ చదవాలని నా కోరిక.

ప్లంజర్ల విషయానికొస్తే, నేను ఎక్కువగా వాడింది డీఎంవీ అనే కంపెనీవి. పెట్టుకోవడానికి వాడే పెద్ద కప్పు వేరు, తీయడానికి వాడే చిన్న కొస ఉన్నది వేరు. తీయడానికి మొదట నిటారు కాడ ఉన్నది వాడాను. తర్వాత 45 డిగ్రీలు వంగి ఉండేదానికి మారాను. కింది అంచు పట్టడానికి మణికట్టు తిప్పే పని లేదు కాబట్టి నాకు ఇదే నచ్చింది. చెయ్యి అడ్డు రాకుండా అద్దంలో కన్ను బాగా కనిపిస్తుంది కూడా. వాడాక స్పిరిట్‌తో తుడిచి ఆరబెడతాను. మర్నాడు తడి ఆరిందని చూసుకున్నాకే వాడతాను, లేకపోతే స్పిరిట్ కంట్లోకి పోయి మండుతుంది. మూడు నెలలకోసారి కొత్తది కొంటాను. రబ్బరు గట్టిపడినా, అంచు చిరిగినా ఇంకా ముందే మార్చేస్తాను. లెన్సు ధర ముందు ఇది లెక్కలోకి రాదు.

కొళాయి నీళ్లు, మినరల్ వాటర్ ఏవీ లెన్సుకు గానీ ప్లంజరుకు గానీ తగలనివ్వను. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి కార్నియాను దెబ్బతీస్తుంది. ఆ జబ్బు నయం కావడానికి నెలలు పడుతుంది.

రైలు ప్రయాణాల్లో కొంత ఇబ్బందే. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఓసారి రాత్రి బేసిన్ దగ్గర తీయబోతే బోగీ ఊగి ప్లంజరు ముక్కుకు తగిలింది. ఇప్పుడు రైలెక్కే ముందే తీసేసి, పాత కళ్లద్దాలతో వెళతాను.

ఎడమ కంటి లెన్సు రెండేళ్ల క్రితం రోజూ పట్టేసేది. తీశాక తెల్లగుడ్డు మీద గుండ్రంగా గుంట పడి, చుట్టూ ఎర్రబడేది. నాకే తీయడం చేతకావడం లేదనుకుని చాలా రోజులు ఊరుకున్నాను. చూపిస్తే ఫిటింగ్ బిగుతుగా ఉందని తేలింది. అంచు వదులు చేసి కొత్తది ఇచ్చారు, అప్పటి నుంచి సుఖంగా ఉంది. కాబట్టి లెన్సు తరచూ అతుక్కుపోతుంటే ఫిటింగ్ చూపించుకోండి. అరగంట ప్రయత్నించినా రాకపోతే బలవంతం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి, ఎరుపు, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ రోజే వెళ్లాలి.

కొత్తగా తీసుకుంటున్నవాళ్లు, లెన్సులు ఇచ్చేవాళ్ల ఎదురుగా మీ చేతులతో మీరే కనీసం మూడుసార్లు తీసి చూపించేదాకా ఆ కుర్చీలోంచి లేవకండి. ఇంట్లో ఒకరిని వెంట తీసుకెళ్లి వాళ్లకూ నేర్పించమని అడగండి. నాకు చేతికి కట్టు కట్టిన పది రోజులూ మా తమ్ముడే రోజూ రాత్రి నా లెన్సులు తీసిపెట్టాడు.