విష్ణుక్రాంతం అడిగితే వచ్చిన మొక్క

వినాయక చవితి నాటి 21 పత్రులలో ఒకటైన విష్ణుక్రాంతాన్ని మేడ మీద కుండీలలో పెంచుకోవాలని, ఆన్‌లైన్‌లో మొక్కలు అమ్మే ఒక నర్సరీ నుంచి నిరుడు జూన్‌లో రెండు మొక్కలు తెప్పించుకున్నాను. ఒక్కొక్కటి 120 రూపాయలు. వేళ్ల చుట్టూ తడి కొబ్బరిపీచు కట్టి, ఒక్క కొమ్మ కూడా విరగకుండా నాలుగో రోజుకే పంపారు. ప్యాకింగుకు వంక పెట్టలేము.

వంక మొక్కకే పెట్టాలి. పది రోజులకు పూసిన నీలిపువ్వు దాదాపు రూపాయి బిళ్లంత ఉంది. చిన్నప్పుడు చేలగట్ల మీద నేను చూసిన విష్ణుక్రాంతం పువ్వు చిటికెనవేలి గోరును మించదు. కొమ్మలు సన్నగా నేలబారున పాకుతాయి, ఆకుల మీద మెత్తటి నూగు ఉంటుంది. వీరు పంపినది బ్రెజిల్‌కు చెందిన ఎవాల్వులస్ గ్లోమెరేటస్; మన నేలలో పుట్టి పెరిగేది ఎవాల్వులస్ ఆల్సినాయిడిస్. అందానికి వచ్చినదే మిన్న అని మా ఇంట్లో అందరూ అన్నారు, నేనూ కాదనను, కానీ నేను డబ్బు కట్టింది పత్రికి.

ఫొటోలు పంపితే రెండు రోజులకు బదులిచ్చి, అదనంగా పైసా అడగకుండా అసలు మొక్కలు రెండు పంపారు. అవి నాలుగేసి పుల్లలతో బక్కగా వచ్చాయి. అలవాటు కొద్దీ రోజూ నీరు పోయడంతో ఒకటి మొదలు కుళ్లి చనిపోయింది. ఆ తప్పు నాది. రెండోదాన్ని ఎర్రమట్టి, ముతక ఇసుక సమపాళ్లలో కలిపిన కుండీలోకి మార్చి, ఎరువు వేయకుండా, రోజంతా ఎండ తగిలే పిట్టగోడ పక్కన పెట్టి, పైమట్టి పూర్తిగా ఆరాకే నీరు పోశాను. వానాకాలం పొడుగునా పూసింది. పువ్వులు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి కనుక, ఆలస్యంగా నిద్ర లేచేవారికి ఈ మొక్క పూసినట్టే తెలియదు.

మే నెలలో పైభాగమంతా ఎండిపోతే పీకేద్దామని పట్టుకుని లాగాను. వేరు కదల్లేదు, వదిలేశాను. తొలకరి పడిన వారానికి ఆ మొదలు నుంచే చిగుళ్లు వచ్చాయి, ఈసారి చవితికి ఇంటి పత్రితోనే పూజ చేసుకున్నాము.

పొరపాటు దిద్దిన తీరుకు ఈ నర్సరీని మెచ్చుకోవలసిందే, అయితే వారి జాబితాలో బ్రెజిల్ మొక్క ఇప్పటికీ విష్ణుక్రాంతం పేరుతోనే ఉంది. ఆర్డరు పెట్టేముందు పువ్వు పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీసిన ఫొటో అడగండి.