తిండి మానేసిన ఊసరవెల్లి: ఊరించడమా, నోటికి అందించడమా, సిరంజితో పట్టడమా?

నోటి పుండుకు మందులు పూర్తయ్యాయి. వాపు తగ్గింది, రంగు తేరుకుంది. అయినా మా వెయిల్డ్ జాతి ఊసరవెల్లి తొమ్మిది రోజుల పాటు ఒక్క పురుగునూ ముట్టలేదు. ఎదురుగా కీచురాయిని వదిలితే ఒక కన్ను అటు తిప్పి, కాసేపు చూసి, మూసుకునేది. పగటిపూట ఊసరవెల్లి కళ్లు మూసుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఎలాగైనా కడుపులో కాస్త తిండి పడాలని చెయ్యి తహతహలాడుతుంది. ఆ తొందరే ప్రమాదం.

తిండి పట్టించే దారులు మూడు. కదిలే పురుగులతో ఊరించి తనంతట తాను తినేలా చేయడం ఒకటి. పురుగును గిన్నెలోనో పట్టకారుతోనో నోటి దాకా అందించడం రెండోది. ద్రవాహారాన్ని సిరంజితో పట్టడం మూడోది. వీటిలో ఏది మేలో తేల్చే ముందు రెండు విషయాలు సరిచూసుకోవాలి. అవి సరిగా లేకపోతే మూడూ వృథాయే.

మొదటిది నీరు. కళ్లు గుంటలు పడ్డాయా? విసర్జనలో తెల్లగా ఉండాల్సిన ముద్ద నారింజ రంగుకు తిరిగిందా? అలా ఉంటే తిండి మాట తర్వాత. ఊసరవెల్లి సాధారణంగా గిన్నెలో నిలిచిన నీటిని తాగదు, ఆకుల మీది బొట్లను నాకుతుంది. అందుకే సన్నటి తుంపరను ఎక్కువ సేపు పడనివ్వాలి. బాగా ఎండిపోయిన జీవికి ఇది చాలదు, వైద్యుడు చర్మం కింద ద్రవం ఎక్కించాల్సి వస్తుంది. చాలా రోజులు పస్తున్న ఒంటికి ఒక్కసారిగా బలమైన ఆహారం పడితే రక్తంలోని లవణాలు ఉన్నట్టుండి పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే నీరు ముందు, కొద్దిపాటి తిండి ఆ తర్వాత.

రెండోది వేడి. వెయిల్డ్, పాంథర్ జాతులకు గూట్లో వేడినిచ్చే దీపం కింది కొమ్మ దగ్గర ఇంచుమించు 30 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, రాత్రి 20 దగ్గరికి దిగాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఊసరవెల్లి నాలుక సాగదీసి వదిలిన స్ప్రింగులా దూసుకొస్తుంది కాబట్టి ఒళ్లు చల్లగా ఉన్నా దాని వేగం పెద్దగా తగ్గదు. వెనక్కి లాక్కోవడం మాత్రం కండరాల పని, అది నెమ్మదిస్తుంది. అరుగుదల కూడా అంతే. చల్లటి గూట్లో పురుగును పట్టిందంటే అరిగించుకోగలదని అర్థం కాదు. అరగని తిండి కడుపులోనే కుళ్లుతుంది.

ఇప్పుడు అసలు పోలిక. ఎంపికను తేల్చేది మన ఓపికో భయమో కాకూడదు. ఒకే ప్రశ్న వేసుకోవాలి: దీనికి తినాలని లేదా, తినాలని ఉన్నా తినలేకపోతోందా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. దగ్గర నుంచి చూస్తే తేడా తెలుస్తుంది. ఆకలిగా ఉన్న ఊసరవెల్లి, వేర్వేరుగా తిరిగే రెండు కళ్లనూ ముందుకు తెచ్చి పురుగు మీద నిలుపుతుంది. గొంతు కొద్దిగా ఉబ్బుతుంది, నోరు తెరుచుకుని నాలుక కొస కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉంటే మరుక్షణం నాలుక దూసుకుపోతుంది. మాది ఇక్కడి దాకా వచ్చి ఆగిపోయేది. నాలుక కొసను పెదవుల మధ్య అలాగే ఉంచి, మెల్లగా లోపలికి తీసుకునేది. దానికి ఆకలి ఉందని నాకు అప్పుడు తెలిసింది.

కళ్లు పురుగు వైపు తిరగనే తిరగకపోతే అది ఇష్టం లేకపోవడం. నొప్పి, పేగుల్లో పరాన్నజీవులు, ఇన్ఫెక్షన్, చలి లాంటివి కారణం కావచ్చు. విసర్జనను పరీక్ష చేయించాలి. ఆడదైతే కడుపులో గుడ్లున్నాయేమో చూడాలి, గుడ్లు పెట్టే ముందు అది తిండి మానేయడం మామూలే. ఇలాంటి జీవికి ఊరింపే మంచి దారి. రోజూ చూసే కీచురాయి కంటే ఎగిరే ఈగ దాని చూపును త్వరగా లాగుతుంది. మెత్తటి పచ్చని గొంగళిపురుగు హార్న్‌వర్మ్ ఇంకా నయం, దాని ఒంట్లో చాలా భాగం నీరే కాబట్టి దాహమూ కొంత తీరుతుంది. మైనపు పురుగును ఇష్టంగా తింటుంది గానీ అది ఉత్త కొవ్వు. ఒకటి రెండు మించితే మిగతావాటిని వద్దంటుంది. పురుగును వదిలి మనం పక్కకు తప్పుకోవాలి, ఎదురుగా నిలబడి చూస్తుంటే అది తినదు. తినని కీచురాళ్లను రాత్రి గూట్లో ఉంచకూడదు, నిద్రపోతున్న జీవిని కొరుకుతాయి.

తినాలని ఉండి తినలేనిదాన్ని ఊరిస్తూ పోవడం దాన్ని వేధించడమే. నాలుక బయటికి రాకపోవడానికి తరచుగా కాల్షియం లోటు కారణం. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ దీపం పాతబడి ఆ కిరణాలు తగ్గిపోతే, కాల్షియం పొడి చల్లిన పురుగులు తిన్నా ఒంటికి పట్టదు. గురి తప్పుతుంటే కంటి జబ్బో, ఎ విటమిన్ లోటో ఉండవచ్చు. ఎ విటమిన్ ఎక్కువైనా విషమే కనుక ఊహించి వేయకూడదు. కారణానికి వైద్యం సాగుతుండగా పురుగును దాని పెదవులకు ఒక అంగుళం దూరంలో పట్టకారుతో పట్టుకోవచ్చు. నాలుకతో పని లేకుండా దవడతోనే అందుకుంటుంది. గిన్నెను కొమ్మకు కట్టి ముక్కు దగ్గర ఉంచినా సరే. నా వరకు ఇంట్లో చేయదగిన పద్ధతుల్లో ఇదే మేలు. చెయ్యి చూసి కోపంతో నోరు తెరిచినప్పుడు పురుగును నోటి అంచున పెడితే, ఒక్కోసారి కొరికి నమలడం మొదలుపెడుతుంది. బలవంతంగా దవడ తెరవడం మాత్రం వద్దు. కాల్షియం లోటుతో మెత్తబడ్డ ఎముక విరిగిపోతుంది.

సిరంజి పెంపకందారులు అనుకునేంత సులువు కాదు. ఊపిరి తీసుకునే రంధ్రం నోటి అడుగున, చాలా ముందుకే ఉంటుంది. వేగంగా నొక్కితే ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోటి పక్క నుంచి ఒక్కో బొట్టు వేసి, మింగిందాకా ఆగాలి. ఇచ్చేది పండ్ల గుజ్జు కాకూడదు. పురుగులు తినే జీవుల కోసం తయారైన కోలుకునే ఆహారపు పొడిని కలిపి ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్నది బరువును బట్టి వైద్యుడే చెప్పాలి. పట్టుకున్న ప్రతిసారీ ఒళ్లు నల్లబడుతుంది, ఆ బెదురుకు కూడా శక్తి ఖర్చవుతుంది. ఇన్ని నష్టాలున్నా బరువు దిగజారుతున్న జీవికి ఇదే దిక్కు. అప్పుడు వెనకాడకూడదు.

ఎప్పుడు మారాలో త్రాసు చెబుతుంది. గ్రాముల్లో తూచే చిన్న త్రాసు మీద ఒక పుల్ల పెట్టి, రోజూ ఉదయం అదే వేళకు తూచేవాణ్ణి. బరువులో పదో వంతు తగ్గితే ఊరింపు ఆపి వైద్యుడి దగ్గరికి వెళ్లాలని గీత గీసుకున్నాను. ఎదిగిన ఊసరవెల్లి ఒంట్లో సత్తువ ఉంటే వారం పస్తును తట్టుకుంటుంది, పిల్లకు అంత వ్యవధి ఉండదు.

మాది పదో రోజు పట్టకారు మీది హార్న్‌వర్మ్‌ను దవడతో లాక్కుంది. ఇంకొకటి పెట్టాలని చెయ్యి ముందుకు పోయినా ఆ రోజుకు ఒకటితోనే ఆపాను. తర్వాత వారమంతా ముందు పురుగును కొమ్మ మీద వదలడం, పావుగంట ఆగి తినకపోతే పట్టకారుతో అందించడం, ఇదే క్రమం. రోజుకు కొంచెం దూరం జరుపుతూ వచ్చాను. ఎనిమిదో రోజున పట్టకారు తీసేలోపే నాలుక జానెడు దూరం వెళ్లి ఈగతో తిరిగొచ్చింది.