చాకా, స్విస్ కత్తా, ప్లేయర్ ఉన్న మల్టీటూలా: జేబులోకి ఏది మేలు?

మా అక్క కొడుకు ఈ మధ్య డ్రిప్పు పనిలో చేరాడు. అనంతపురం నుంచి బండి మీద నార్పల, గార్లదిన్నె, బుక్కరాయసముద్రం వైపు చీనీ (బత్తాయి) తోటలకు పోయి లేటరల్ పైపులు, అంటే చెట్ల వరస వెంట పోయే సన్న పైపులు, పరచడం, వాల్వులు బిగించడం, ఫిల్టర్లు కడగడం వాడి పని. మొదటి జీతం రాగానే ఫోన్ చేశాడు. "మామా, రోజూ జేబులో పెట్టుకోవడానికి ఒక మంచి కత్తి కొనాల. కటింగ్ ప్లేయరు, కత్తి, స్క్రూడ్రైవరు అన్నీ ఒకదాంట్లోనే మడిచి ఉండే మల్టీటూల్ చూసినా, ఖరీదు చూస్తే టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటావు?" అన్నాడు. ఫోన్లో తేలే సంగతి కాదని ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఇరవై ఏళ్లకు పైగా నా జేబులో ఏదో ఒక కత్తి ఉంటూనే ఉంది. కొన్ని పోగొట్టుకున్నాను, కొన్ని విరగ్గొట్టాను. ఉన్నవన్నీ వరండాలో చాప మీద పరిచి వాడికి చూపించాను.

ముందు మా నాయన చాకు తెచ్చి చాప మీద పెట్టాను. వాడు చెయ్యి చాచినా చేతికి ఇవ్వలేదు. కత్తి చేతికి చేయి మార్చుకుంటే ఇద్దరి మధ్య గొడవలొస్తాయని మా ఇంట్లో ఇప్పటికీ కింద పెడితేనే తీసుకుంటారు. లారీ కమాను పట్టీ ముక్కతో కమ్మరి కొట్టిచ్చిన చాకు అది. పిడి తుమ్మ కర్రది, చెయ్యి పట్టీ పట్టీ నల్లగా నున్నబడింది. ముప్పై ఏళ్లు సాన పట్టడంతో అలుగు, అంటే కోసే రేకు, నడుమ అరిగి నెలవంకలాగా అయ్యింది. చురుకైన పిల్లాణ్ని చాకులాంటి వాడంటాం కదా, ఆ మాట ఎందుకు పుట్టిందో దీంతో ఒక గోతాం నోరు కోసి చూస్తే తెలుస్తుంది. ఏటా ఆయుధపూజ నాడు మోటారు స్టార్టరుతో పాటు దీనికీ పసుపు కుంకుమ పెడతాం.

పక్కన నా స్విస్ కత్తి పెట్టి, ఒక చీనీకాయను రెండింటితో చెరి సగం కోశాను. తుడవకుండా అలాగే ఉంచాం. కాఫీ తాగి వచ్చేసరికి నాయన చాకు మీద రసం తగిలినంత మేర నీలిబూడిద రంగు మరకలు తేలాయి. స్విస్ కత్తి మీద ఏమీ లేదు. దాని ఉక్కులో క్రోమియం ఉంటుంది కాబట్టి పులుపుకు అంత తొందరగా లొంగదు. నాటు చాకులో అది అంత ఉండదు. ఆ మరక తుప్పు కాదు, దానివల్ల కత్తికి చెడూ లేదు. కానీ తడితో అలాగే మడిచి జేబులో వేసుకుంటే తెల్లారేసరికి ఎర్ర తుప్పు పడుతుంది. గుడ్డతో తుడిచి, వారానికోసారి అలుగుకు కొబ్బరినూనె పూస్తే చాలు. మడత దగ్గర మాత్రం కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేయాలి. శెనగనూనె వేస్తే కొన్నాళ్లకు జిగురు కట్టి చాకు తెరుచుకోదు. నేను చేసిన తప్పే అది.

మరకలు పడినా నాటు చాకుకు ఒక పెద్ద గుణం ఉంది. పదును తొందరగా ఎక్కుతుంది. రాయి మీద పది పదిహేను సార్లు లాగితే మళ్లీ కొత్త కత్తే. వీధుల్లో సాన చక్రం తిప్పేవాళ్లకు ఇస్తే మాత్రం దగ్గరుండి చూసుకోవాలి. నీళ్లు చల్లకుండా గట్టిగా ఒత్తితే అంచు వేడెక్కి నీలం రంగు తేలుతుంది. అక్కడ ఉక్కు మెత్తబడుతుంది, ఇక ఆ చోట పదును నిలవదు.

స్విస్ కత్తి కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది దేనికి పుట్టిందో తెలిస్తే దేనికి పనికిరాదో కూడా తెలుస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో కత్తుల పని మొదలుపెట్టాడు. 1891లో అక్కడి సైన్యానికి మడత కత్తులు ఇచ్చాడు. సిపాయి సీలు వేసిన తిండి డబ్బా తెరుచుకోవాలి, తుపాకీ స్క్రూలు విప్పుకోవాలి. అందుకే అందులో డబ్బా మూత తీసేదీ, స్క్రూడ్రైవరూ పెట్టారు. ఇంకొన్ని పనిముట్లు చేర్చి తేలికగా చేసిన ఆఫీసర్ల కత్తి 1897లో వచ్చింది. ఈనాడు విక్టోరినాక్స్ పేరుతో దొరికే ఎర్ర పిడి కత్తులు దాని సంతానమే. మడిచినప్పుడు 91 మిల్లీమీటర్లుండే స్పార్టన్ అనే మోడల్ 60 గ్రాములు తూగుతుంది. కత్తెర, రంపం కూడా ఉన్న హంట్స్‌మన్ వంద గ్రాముల లోపే. తాళం చెవులకు తగిలించుకునే క్లాసిక్ 58 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాములు మాత్రమే. అది జేబులో ఉన్నట్టే తెలియదు.

"ఇన్నిట్లో నువ్వు ఎక్కువ వాడింది ఏది?" అని అడిగాడు అల్లుడు. స్విస్ కత్తి పిడి కొస నుంచి చిన్న పట్టకారు లాగి చూపించాను. వాడు నమ్మలేదు. సర్కారు తుమ్మ ముల్లు హవాయి చెప్పును దాటి అరికాల్లో దిగి, కొన విరిగి లోపలే ఉండిపోతే తెలుస్తుంది దాని విలువ. పిన్నీసుతో కెలికి పుండు చేసుకునే పనిలేదు. చీనీ కొమ్మలు కత్తిరించే రోజుల్లో కూలికి వచ్చిన ఆడవాళ్లు మధ్యాహ్నం అన్నం దగ్గర "అన్నా, ఆ సన్న పట్టకారు ఇట్లియ్యి" అని అడిగి తీసుకుంటారు.

స్విస్ కత్తి లోపం నా చూపుడు వేలి మీదే ఉంది. ఎండకు గట్టిపడిన పదహారు ఎంఎం లేటరల్ పైపుకు రంధ్రం చేద్దామని కత్తి మొన పెట్టి ముందుకు ఒత్తాను. 91 మిల్లీమీటర్ల స్విస్ కత్తుల్లో పెద్ద అలుగుకు లాక్ ఉండదు, స్ప్రింగు బిగువు మాత్రమే ఉంటుంది. మొన జారింది, అలుగు వెనక్కి మడుచుకుంది, మూడు కుట్లు పడ్డాయి. పైపు కూడా పాడైంది. కత్తితో చేసిన రంధ్రం గుండ్రంగా రాదు, అందులో బిగించే, చుక్కచుక్కగా నీళ్లు వదిలే డ్రిప్పర్ చుట్టూ నీళ్లు కారతాయి. దానికి డ్రిప్ పంచ్ ఉంది, అదే వాడాలి. మడత కత్తితో లాగి కోయాలే గానీ పొడవకూడదు. లాక్ కావాలనుకునేవాళ్లకు 111 మిల్లీమీటర్ల స్విస్ కత్తులు ఉన్నాయి. ఫ్రాన్స్ పల్లెల్లో 1890లో పుట్టిన ఒపినెల్ కూడా ఉంది. కర్ర పిడి, ఒక్క అలుగు. మెడ దగ్గర రింగు తిప్పితే అలుగు కదలదు. ఆ రింగు 1955లో చేర్చారు. ఎనిమిదో నంబరు ఒపినెల్ 45 గ్రాములే. కార్బన్ ఉక్కుతో చేసినది చూస్తే మన నాటు చాకుకు దూరపు చుట్టంలా ఉంటుంది, చీనీ రసానికి అదీ అలాగే నల్లబడుతుంది.

ఇక అల్లుడి మనసంతా ఉన్న మల్టీటూల్. టిమ్ లెదర్‌మన్ అనే అమెరికా ఆయన 1975లో పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే కారు మాటిమాటికీ మొరాయించేది. జేబులో కత్తి ఉంది, అందులో ప్లేయర్ లేదు. ప్లేయర్ కూడా ఉన్న కత్తి చేయాలని కూర్చుంటే అమ్మకానికి రావడానికి 1983 అయ్యింది. నా దగ్గరున్నది ఆయన పేరుతోనే ఉన్న లెదర్‌మన్ కంపెనీ చేసిన వేవ్ అనే మోడల్. దీన్ని తెరిచి ప్లేయర్ పట్టుకున్నప్పుడు చేతికి వచ్చే ధైర్యం వేరు. కంచె తీగ మెలివేయడం, వాల్వు క్లాంపు స్క్రూ బిగించడం, బండి క్లచ్ వైరు కొస పట్టి లాగడం, ఇవేవీ కత్తితో కావు. నేను ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో తోటకు పోయేవాణ్ని, సామాన్ల పెట్టె మోసుకుపోను. అందుకని పదివేలు దాటిన ఖరీదు నాకు దండగ అనిపించలేదు. కంపెనీ ఇరవై అయిదేళ్ల వారంటీ కూడా ఇస్తుంది.

కానీ బరువు 241 గ్రాములు. చొక్కా జేబులో వేసుకుని కాలువ మీద వంగితే నీళ్లలో పడుతుంది, ప్యాంటు జేబులో వేసుకుంటే తొడకు కొట్టుకుంటూ ఉంటుంది. బెల్టుకు సంచి తగిలించుకోవాలి. నాయన లాగా పంచె కట్టేవాళ్లకు ఆ దారీ లేదు. ఇంట్లో పెట్టి మరిచిపోయే రోజులు ఎక్కువైతే ఎంత మంచి పనిముట్టయినా లేనట్టే.

ఇంకో మాట గట్టిగా చెప్పాను. దీని పిడి మొత్తం ఇనుము, కరెంటుకు అడ్డు ఏమీ లేదు. బోరు మోటారు దగ్గర ఉండేది మూడు ఫేజుల 415 వోల్టులు. స్టార్టర్ డబ్బా తెరవాలంటే మెయిన్ తీసి, ఫ్యూజులు పక్కన పెట్టి, టెస్టరుతో చూసుకుని, ప్లాస్టిక్ తొడుగున్న కటింగ్ ప్లేయర్‌తోనే ముట్టాలి. మల్టీటూల్ ఆ డబ్బా దగ్గరికి పోకూడదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

చవక మల్టీటూళ్ల సంగతి అడిగాడు. అయిదారు వందలకు దొరికేది ఒకటి నేనూ కొన్నాను. మూడో నెలలో గేట్ వాల్వు నట్టు తిప్పబోతే ప్లేయర్ దవడ ఒకటి చిట్లి విరిగింది, ముక్క మొహం పక్క నుంచి పోయింది. కన్ను దక్కింది. కొనేముందు అంగట్లోనే ప్లేయర్ మూసి వెలుతురుకు పెట్టి చూడాలి. రెండు దవడలూ కొసదాకా కలవాలి, సందులో వెలుతురు కనబడకూడదు. పక్కకు ఊపితే లొటలొటలాడకూడదు. ఒక పనిముట్టు తీస్తే పక్కది దానితో లేచి రాకూడదు. చవకవి ఈ పరీక్షల్లో చాలావరకు నిలవవు. ఆ డబ్బుతో టాపారియా కంపెనీ ప్లేయర్ ఒకటీ, నాటు చాకు ఒకటీ వస్తాయి, పదేళ్లు పనిచేస్తాయి.

మన జిల్లాల్లో కత్తి అనే మాటకు ఉన్న బరువు కూడా చూసుకోవాలి. చెకింగ్‌లో జేబులోంచి నల్లటి, మొన తేలిన, బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునే కత్తి బయటపడితే అది చీనీకాయ కోయడానికని చెప్పినా ఎవరూ వినరు. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని కింద 2016లో చేసిన రూల్స్ ప్రకారం అలుగు తొమ్మిది అంగుళాల కంటే పొడవున్నా, రెండు అంగుళాల కంటే వెడల్పున్నా ఆయుధాల లెక్కలోకి వస్తుంది. ఇంటిపనికి, సేద్యానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మనం మాట్లాడుకునే కత్తుల అలుగులు నాలుగు అంగుళాలు కూడా ఉండవు. అయినా ఎన్నికల రోజుల్లో, 144 సెక్షన్ పెట్టినప్పుడు, ఇప్పుడు కొత్త చట్టంలో అది 163 అయ్యింది, ఏదీ జేబులో లేకుండా పోవడమే మంచిది. కొండకు పోయేటప్పుడు ఇంట్లో పెట్టి పోవాలి, అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుంది. కడప నుంచో ఓర్వకల్లు నుంచో విమానం ఎక్కితే చేతి సంచిలో వద్దు, లగేజీలో వేయాలి. ఎర్ర పిడి స్విస్ కత్తి ఇక్కడ కొంచెం నయం. చూడగానే పనిముట్టులా కనబడుతుంది, పెళ్లిలో అరిటాకు కట్ట తాడు కోయడానికి తీసినా ఎవరూ ఉలిక్కిపడరు.

అన్నీ విన్నాక వాడు మల్టీటూల్ చేతిలోకి తీసుకుని, "అయితే ఇదే కదా మామా, నా పనికి?" అన్నాడు. నీ బండి పెట్టెలో ఏమేమి ఉన్నాయో చెప్పమన్నాను. కటింగ్ ప్లేయర్, టెస్టర్, పైప్ రెంచ్, డ్రిప్ పంచ్, హాక్సా బ్లేడ్, రెండు స్క్రూడ్రైవర్లు. "మరి రెండో ప్లేయర్ దేనికిరా?" అంటే కాసేపు మాట్లాడలేదు. పెట్టెలో లేనివి పట్టకారు, చిన్న కత్తెర, పండు కోసుకునే శుభ్రమైన అలుగు. ఆ మూడూ హంట్స్‌మన్‌లో వంద గ్రాముల లోపు వస్తాయి, మల్టీటూల్ ఖరీదులో సగం కూడా కాదు. పెట్టె లేకుండా తోటకు పోయే నాబోటి వాళ్లకు ప్లేయర్ ఉన్నదే మేలు. డబ్బు ఖర్చు పెట్టకూడదనుకుంటే నాయన చాకుకు మించింది లేదు, రోజూ తుడిచే ఓపిక ఉండాలి, అంతే.

వచ్చే ఆదివారానికి హంట్స్‌మన్ తెచ్చుకున్నాడు. కొత్త పదును నెలలో పోతుంది, సాన పెట్టడం నేర్పమన్నాడు. కాగితం మూలను రెండుసార్లు సగానికి మడవమన్నాను. తొంభై డిగ్రీలు నలభై అయిదయ్యి, నలభై అయిదు ఇరవై రెండున్నర అవుతుంది. ఆ మడతను రాయి పక్కన నిలబెట్టి అలుగును అంతే వాలుగా, కాస్త తగ్గించి పట్టుకోవాలి. రాయి తడిపి, ఒత్తకుండా, మొదలు నుంచి మొన దాకా ఒకే తీరున ఒక పక్క పది, ఇంకో పక్క పది. వాడి కొత్త కత్తి కంటే ముందు నాయన చాకుతో నేర్చుకోమన్నాను. వరండా మెట్టు మీద కూర్చుని నాయన చూస్తూనే ఉన్నాడు. నాలుగోసారి వాడు పాత పేపరు అంచు పట్టుకుని కోస్తే చిరగకుండా సర్రున తెగింది. అప్పుడు నాయన లేచొచ్చి, "ఈడ పెట్టు" అని నేల చూపించాడు. వాడు చాకు మడిచి కింద పెట్టాడు.