ముందే నింపిన ప్రభు బల్ల కప్పులు: ఎక్కడ పనికొస్తాయి, ఎక్కడ లోటు చేస్తాయి

క్రైస్తవ సంఘాల్లో యేసు మరణాన్ని గుర్తుచేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆచారం ప్రభు బల్ల. దానికోసం ముందే నింపి సీలు వేసి అమ్మే చిన్న ప్లాస్టిక్ కప్పుల సంగతి ఇది. కప్పులో టీ స్పూనుకు కాస్త ఎక్కువ ద్రాక్షారసం ఉంటుంది. దాని మీద రేకు మూత, రేకు మీద బొత్తామంత పలుచని పులియని రొట్టె, అన్నిటికీ పైన పారదర్శకమైన పొర. గ్లాసులు కడిగే పని లేదు, రసం ఒలికించకుండా పోసే పని లేదు, ఒకరు ముట్టుకున్నది ఇంకొకరు ముట్టుకోరు. ఈ మూడు మేళ్లూ నిజమైనవే.

చిక్కంతా తెరవడంలో వస్తుంది. పై పొర కొస, కింది రేకు కొస ఒకదాని మీద ఒకటి అతుక్కుని ఉంటాయి. తొందరపడి లాగితే రెండూ కలిసి లేచి, రొట్టె రసంలో పడుతుంది. కప్పు గోడలు పలుచన కాబట్టి పక్కలు నొక్కి పట్టుకుంటే రేకు ఊడీ ఊడగానే రసం బట్టల మీదికి చిమ్ముతుంది. కప్పును అంచు కింద రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుని, ముందు పై కొసను గోటితో విడదీసి, పైకి గుంజకుండా దాదాపు అడ్డంగా, నెమ్మదిగా లాగాలి. కీళ్ల నొప్పులు, చేతి వణుకు ఉన్నవారికి ఇది చాలా కష్టం. పక్కన కూర్చున్నవారు తెరిచి ఇవ్వాలని ముందే చెప్పాలి. వందమంది ఒకేసారి పొరలు చింపితే ఆ చప్పుడులో ప్రార్థన వినబడదు. అందుకే వాక్యం చదవకముందే పై పొర తీసి ఉంచుకోమని చెప్పి, ఒకటి రెండు నిమిషాలు ఆగడం మంచిది.

నిల్వ విషయం: నిటారుగా, చల్లని చోట, ఎండ తగలకుండా పెట్టాలి. వేడికి మూత అతుకు వదులై రసం కారుతుంది, పైనున్న రొట్టె మెత్తబడుతుంది. మూత ఉబ్బిన కప్పును వాడకూడదు, లోపల రసం పులుస్తోందని అర్థం. ఊదా రంగు గోధుమ రంగుకు తిరిగితే పాతబడినట్టు. చెడిపోయేవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి కాబట్టి పాలుపొందేవారి లెక్క కంటే పదింట ఒక వంతు ఎక్కువ తెప్పించుకోవాలి. గోధుమ పడనివారు ఉంటే గోధుమ లేని వారి కప్పులు వేరే పళ్లెంలో పెట్టాలి, మిగతావాటితో కలిసిపోతే లాభం లేదు.

పులియని ద్రాక్షారసం 1869లో అమెరికా దంతవైద్యుడు థామస్ వెల్చ్ రసాన్ని వేడిచేసి పులవకుండా ఆపినప్పటి నుంచి చాలా ప్రొటెస్టెంట్ సంఘాల్లో అలవాటైంది. కతోలిక సంఘ చట్టం గోధుమ రొట్టె, ద్రాక్ష మద్యం కావాలంటుంది కనుక ఈ కప్పులు అక్కడ చెల్లవు.

అసలు అభ్యంతరం వేరే. బల్ల మీద జరిగే ప్రతి పనీ ఒక మాట చెబుతుంది. బైబిలు పాత నిబంధనలోని లేవీయకాండం మొదటి అధ్యాయంలో బలి తెచ్చినవాడు పశువు తల మీద చెయ్యి ఉంచుతాడు, తన బదులు అది చనిపోతుందని ఆ చెయ్యి ఒప్పుకుంటుంది. ప్రాణం రక్తంలో ఉంది గనుక రక్తమే ప్రాయశ్చిత్తం చేస్తుందని 17వ అధ్యాయం 11వ వచనం. యాజకులు రోజూ నిలబడి అవే బలులు మళ్లీ మళ్లీ అర్పించారు, క్రీస్తు ఒక్కసారే అర్పించి కూర్చున్నాడు అంటుంది హెబ్రీయులకు రాసిన పత్రిక 10వ అధ్యాయం. ఆ ఒక్కసారి జరిగినదాన్ని కళ్లకు చూపించేది రొట్టె విరవడమే. ఫ్యాక్టరీలో గుండ్రంగా కోసి వచ్చిన బిళ్లలో విరిగేదేమీ లేదు.

రెండో లోటు ఇంకా లోతైనది. కృప అంటే మన వలన కానిది, దేవుడిచ్చిన వరం (ఎఫెసీ 2:8). దానికి సరిపోయే భంగిమ చాచిన ఖాళీ చెయ్యి, అందులో ఇంకొకరు పెట్టే ముక్క. ఎవరి పొట్లం వారు తెచ్చుకుని, ఎవరి సీలు వారు చింపుకుంటే చెయ్యి వేరే పాఠం నేర్చుకుంటుంది. కొరింథు పట్టణపు సంఘంలో ఎవరి భోజనం వారు ముందుగా తినేస్తున్నారనే అపొస్తలుడు పౌలు గద్దించి, ఒకరికోసం ఒకరు కనిపెట్టుకోండి అన్నాడు. రొట్టె ఒక్కటే కాబట్టి అనేకులమైన మనం ఒక్క శరీరం అన్నదీ (1 కొరింథీ 10:17) ఆ సంఘానికి రాసిన మాటే. రక్షణ ఎవరికి వారు దాచుకునే పొట్లమని పిల్లలు అనుకోకూడదు.

వీటినే వాడక తప్పని సంఘాలకు ఒక మార్గం ఉంది. బల్ల మీద ఒక నిండు రొట్టె పెట్టి, అందరూ చూస్తుండగా విరవాలి. కప్పులను తలుపు దగ్గర బుట్టలో వదిలేయకుండా, పెద్దలు వరుసల్లోకి వెళ్లి ఒక్కొక్కరి చేతికి అందించాలి. మొదటి లోటు కొంత, రెండోది చాలావరకు తీరుతుంది. పెద్ద సంఘానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, ఆ పది నిమిషాలు పెట్టాల్సినవే.

ఈ కప్పులకు తగిన చోటు మంచం పట్టినవారి ఇల్లు, ఆసుపత్రి వార్డు. సీసా, గ్లాసులు మోసుకెళ్లకుండా రెండు కప్పులు జేబులో పెట్టుకుని వెళ్లవచ్చు, రోగికి ఒకటి, వెళ్లినవారికి ఒకటి. మింగడం కష్టమైనవారికి రొట్టెను చిన్న తునక చేసి రసంలో ముంచి ఇవ్వాలి. నోటి ద్వారా ఏదీ ఇవ్వకూడదని డాక్టర్ చెప్పి ఉంటే వాక్యం, ప్రార్థన చాలు, రక్షణ ఆ తునక మీద ఆధారపడి లేదు. కప్పు తెరిచే పని వెళ్లినవారిది, రోగి చేతికి తెరిచిన కప్పే అందాలి.